చిన్న చక్రాలు ఎంత ఇస్తున్నాయి?

చిరంజీవి తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. ఆ మాట ముందు రాసేస్తే ఒక పనైపోతుంది, తరువాత నిజాలు నింపాదిగా చెప్పుకోవచ్చు. నీ ఓడ ఏ సముద్రం మీదుందో, ఈ ఉత్తరం ఏ రేవులో నీ చేతికొస్తుందో తెలియదు. ఒంట్లో బాగుందనుకుంటాను. ఓడ వంటవాడి మీద నువ్వు రాసిన చాడీలకి మీ బావ పడీ పడీ నవ్వారు.

నువ్వడిగిన వాటికి జవాబులు. పిల్లకి పన్ను ఊడింది, కొత్తది తొంగిచూస్తోంది. దగ్గు తగ్గింది. మీ బావ ఇంకా డ్రైవింగు నేర్చుకోలేదు, నేర్చుకోరు కూడా. స్టీరింగు ముట్టుకుంటే ఆయనకి చెమటలు పడతాయి. అందుకని వారానికి మూడుసార్లు నాన్నని నీ కారులో డయాలసిస్‌కి తీసుకెళ్ళే పని నాదే. పొద్దున్నే బయల్దేరడం, ఆ యంత్రం పక్కన గంటల తరబడి కూర్చోవడం, ఇంటికొచ్చి కుట్టుమిషను ముందు మళ్ళీ కూర్చోవడం. ఒళ్ళు హూనమైపోతోంది రా. నాన్న పక్క సీట్లో కూర్చుని, ఎదురుగా ఎవరొచ్చినా కుడికాలితో లేని బ్రేకు తొక్కుతాడు. జీవితమంతా బస్సు నడిపిన కాలు, ఊరుకోదు.

ఇక అసలు ప్రశ్న. పోయిన ఉత్తరంలో నేను రాసిన పెట్రోలు లెక్క చూసి, "అక్కా, నా బండి మరీ ఇంత తాగుతోందేంటి? యాక్సిలరేటరు మీద నిలబడుతున్నావా, లేకపోతే షికార్లు తిరుగుతున్నావా?" అని రాశావు. వేళాకోళమని నాకు తెలుసు. కానీ నీ ఉత్తరాలు నాన్నకి పైకి చదివి వినిపించాలి కదా. ముందు చూసుకోకుండా గడగడా చదివేశాను. నాన్న నవ్వలేదు. రాత్రి భోజనాల దగ్గర, "ఆ పెట్రోలంతా నాకోసమే కదమ్మా తగలేస్తున్నావు. ఇక చాల్లే. వచ్చే వారం నుంచి నేను రాను," అన్నాడు. ఇంకో గరిటె అన్నం వద్దన్నంత తేలిగ్గా అన్నాడు. మానేస్తే ఎన్నాళ్ళో ఉండడని డాక్టరమ్మ మాకూ చెప్పింది, ఆయనకీ చెప్పింది.

బతిమాలాను, అరిచాను, అలిగాను. ఏం చెప్పినా "బండి తాగుతోంది" అన్న ఒక్క మాటే పట్టుకు కూర్చున్నాడు. సరే, ముందు ఆ సాకు సంగతే తేలుస్తానని బండిని టైర్ల షాపుకి తీసుకెళ్ళాను.

షాపతను బండి చుట్టూ ఒకసారి తిరిగి, "ఈ అలంకారం ఎవరిదమ్మా?" అన్నాడు.

మా తమ్ముడు ఊరెళ్ళే ముందు సోకు కోసం వేయించుకున్నాడన్నాను.

"ఆ సోకే తాగుతోంది. బండితో వచ్చిన చక్రాలకన్నా ఇవి పెద్దవి, బరువు, వెడల్పు కూడానూ. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా ఆ బరువంతా మళ్ళీ కదిలించాలి. ఇంజనుకి తల ప్రాణం తోకకొస్తుంది. పాతవేవి?"

పాతవి మన మెట్ల కిందే ఉన్నాయి, పిల్ల వాటి మధ్య బొమ్మలిల్లు కట్టుకుంది. దాన్ని ఏడిపించి మరీ తెచ్చాను. అవునురా, నీ పెద్ద చక్రాలు తీయించేశాను. ఇప్పుడవి మెట్ల కింద, నీ పాత దుప్పటి కప్పుకుని ఉన్నాయి. కోప్పడాలనుంటే వచ్చాక కోప్పడు.

ఇంటికొచ్చి, "నాన్నా, చక్రాలు మార్పించాను. లీటరుకి ఎంత ఇస్తోందో చూడడం నాకు చేతకాదు, నువ్వొచ్చి చూడు," అన్నాను. డ్రైవరు ప్రాణం కదా, ఆగలేకపోయాడు. "ఈ ట్యాంకు అయ్యేదాకా వస్తాను. అయ్యాక ఇక నన్ను అడక్కూడదు," అని మాట తీసుకున్నాడు. ఇచ్చాను. ఇవ్వక ఏం చెయ్యను?

చక్రాలు మార్చాక తొలిసారి వెళ్ళిన రోజు, ఆసుపత్రి గేటు దగ్గర మీటరు చూసి మొహం చిట్లించాడు. "ఇంటి నుంచి ఇక్కడికి ఎప్పుడూ ముప్ఫై ఆరు కిలోమీటర్లు చూపించేది, ఇవాళ ముప్ఫై తొమ్మిదంటోంది. చుట్టు తిప్పి తెచ్చావా?" రోజూ వచ్చే దారేనని ఒట్టేశాను. కాసేపు ఆలోచించి ఆయనే తేల్చాడు. పెద్ద చక్రం ఒక్కో చుట్టుకి ఎక్కువ దూరం పోతుందట. మీటరుకి చుట్లు లెక్కపెట్టడమే తెలుసు కానీ, మనం చక్రాలు మార్చిన సంగతి తెలియదట. అందుకని తక్కువ చూపించేదట. "చూశావా, ఇన్నాళ్ళూ మనం అనుకున్నదానికన్నా ఎక్కువ దూరమే వచ్చాం," అన్నాడు.

"అందుకేనా నాన్నా, ఇంతలా అలిసిపోయాం?" అన్నాను. చాలా రోజులకి నవ్వాడు.

ఇక్కడితో ఆపేసి ఉత్తరం మడిచేద్దామనుకున్నాను. కానీ నీకు కాకపోతే ఎవరికి చెప్పుకుంటాను? ఆ రాత్రి నాన్న "ఇక రాను" అన్నప్పుడు, ఏడుపు కన్నా ముందు నాకు హమ్మయ్య అనిపించింది. రేపటి నుంచి తెల్లారకుండా లేవక్కర్లేదు అనిపించింది. ఒక్క క్షణమే. కానీ అనిపించింది. వెంటనే నామీద నాకే అసహ్యం వేసి, స్నానాల గదిలో కుళాయి తిప్పుకుని ఏడ్చాను. నాన్న మొహం చూడ్డానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

ఇంకొకటి. నాన్న ఆ యంత్రం దగ్గర పడుకున్నప్పుడల్లా, టీ తాగొస్తానని చెప్పి పెట్రోలు బంకుకి వెళ్తున్నాను. నిండా పోయించను, అనుమానం వస్తుంది. పెట్రోలు ముల్లు సగం దగ్గర ఉండేంత పోయిస్తాను. అందుకే "ఈ ట్యాంకు" ఇంకా అవలేదు. మొన్న తిరిగొస్తుంటే నాన్న ఆ ముల్లు వంక చాలాసేపు చూశాడు. "చిన్న చక్రాలు బాగా ఇస్తున్నాయమ్మా," అని కిటికీ వైపు తిరిగి కళ్ళు మూసుకున్నాడు. ఒక ట్యాంకు ఎంత దూరం వస్తుందో బస్సు నడిపిన మనిషికి తెలియదంటావా?

ఈ ఉత్తరం చదివి చింపెయ్. జవాబులో నా అలసట గురించి గానీ, బంకు గురించి గానీ ఎత్తకు, అది నేనే నాన్నకి పైకి చదవాలి. ఒక్క మాట మాత్రం తప్పకుండా రాయి, "చిన్న చక్రాలు ఎంత ఇస్తున్నాయి నాన్నా?" అని. ప్రతి ఉత్తరంలోనూ అడుగు. లెక్క చూసి చెప్పాల్సింది ఆయనే.

ఇట్లు,
నిన్ను చంకనెత్తుకు తిరిగిన
మీ అక్క