రాయి మీది ఎర్ర ఆకు

1986 ఫిబ్రవరి 9, ఆదివారం
బ్రెగా, లిబియా

ఇవాళ్టి పనులు: ఉతికిన దుప్పట్లు ఆరు. కాల్చిన రొట్టెలు నాలుగు. కిటికీల దగ్గర ఇసుక ఎత్తడం రెండుసార్లు. నీ వంటింట్లో మిగిలిన సీసాలు లెక్కపెట్టడం, ముప్పై ఒకటి.

ప్రియమైన నెల్డా,

లెక్కతో మొదలుపెట్టానని నవ్వుతావు. నవ్వు. పదకొండేళ్ళు మన రెండిళ్ళకీ పెరటి గోడ ఒకటే. నేనెలా రాస్తానో నీకు తెలియంది కాదు.

లిబియా వదిలి రమ్మని మీ అమెరికా ప్రభుత్వం గడువు పెట్టడమూ, ఒక్కొక్కరు రెండేసి పెట్టెలతో మీరంతా బస్సెక్కడమూ మూడు వారాల్లో అయిపోయాయి. బస్సు మలుపు తిరిగేదాకా మేం చేతులూపుతూనే ఉన్నాం. తిరగ్గానే మావాళ్ళలో ఒకడు, "హమ్మయ్య, ఇక సముద్రం వైపు ఇళ్ళ వరుస మనదే!" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నీ దగ్గర అబద్ధం ఎందుకు?

ఇంకొకరి నోట వినేకన్నా నా చేత్తో రాయడమే నయం. చమురు కంపెనీవాళ్ళు మీ ఆయన బర్ల్ ఉద్యోగం మా ఆయన గార్త్‌కి ఇచ్చారు. దాంతోపాటు మీ పద్నాలుగో నంబరు ఇల్లు కూడా. నిన్ననే చేరాం. నీ వస్తువుల జాబితా రాసి పెట్టాను. కుట్టు మిషన్ ఒకటి, పింగాణీ పళ్ళేలు పదిహేడు (పద్దెనిమిదోది అంచు పగిలి ఉంది, ఆ పాపం నాది కాదు), పీకన్ గింజల డబ్బా సగం. ఆ గింజల్ని ముట్టుకోను. నువ్వు వాటితో చేసే 'పై' మిఠాయికీ నా టార్ట్ మిఠాయికీ పాకం ఒకటే అయినా, ఎండుద్రాక్ష ఉండగా గింజలెందుకన్న మాట మీదే ఇప్పటికీ ఉన్నాను.

శుక్రవారం మీ వేడ్ సమాధి దగ్గరికి వెళ్ళాను. రాయి శుభ్రంగా ఉంది. సమాధులు చూసుకునే హాజ్ మిఫ్తాహ్ గన్నేరు మొక్కకి నీళ్ళు పోస్తున్నాడు. "వాళ్ళమ్మ వెళ్ళిపోయిందిగా, ఇక రెండు చెంబులు ఎక్కువ పోయాలి" అన్నాడు.

ఐదో నెలలో నా కడుపులో బిడ్డ పోయినప్పుడు తొమ్మిది రోజులు నా వంటింట్లో నువ్వే వండావు. ఆ పద్దు నా పుస్తకంలో అలాగే ఉంది. వేడ్‌ని చూసుకోవడం నా వంతు. నువ్వు దిగులుపడకు.

నీ పెరటి గోడ మనిషి,
డోరీన్


మార్చి 3
ఒడెస్సా, టెక్సాస్

ప్రియమైన డోరీన్,

గార్త్‌కి కుర్చీ కుదిరిందా? అది బర్ల్ కొలతకి చేయించింది. కాళ్ళు నేలకి ఆనకపోతే కింద పీట వేసుకోమను. ఇన్నేళ్ళూ మా జీతాలు ఎక్కువ, మా ఇళ్ళు పెద్దవి అని మీ క్లబ్బులో ఏడ్చారుగా, ఇప్పుడైనా కళ్ళు తుడుచుకోమను.

చూశావా, మొదటి నాలుగు వాక్యాల్లోనే ఎంత విషం కక్కానో. ఏం చేయను? ఇక్కడ చమురు ధర పడిపోయింది. బావులు తవ్వే రిగ్గులు ఒక్కొక్కటీ మూతపడుతున్నాయి. యాభై నాలుగేళ్ళ వయసులో బర్ల్ మా తమ్ముడి టైర్ల కొట్లో స్టూలు మీద కూర్చుంటున్నాడు. సాయంత్రం వచ్చి చేతులు కడుక్కుంటాడు, మళ్ళీ కడుక్కుంటాడు. ఆ నలుపు పోదు.

నాలుగేళ్ళ పిల్లాణ్ణి అక్కడ వదిలేసి వచ్చాను డోరీన్. జ్వరం వచ్చిన మూడో రోజున పోయాడు. అప్పుడు తీసుకురాలేకపోయాం. ఇప్పుడు తవ్వి తీసుకెళ్తామని అర్జీ పెట్టుకున్నాం. ఇంకో నెల ఉంటే అనుమతి వచ్చేది. ఉండనివ్వలేదు.

నీ వల్ల ఒక్క పని కావాలి. మే నెల చివరి సోమవారం మావాళ్ళు పోయినవాళ్ళ సమాధుల మీద జెండాలు పెడతారు. వేడ్‌కి పన్నెండేళ్ళుగా ఒక్క ఏడూ తప్పలేదు. వంటింటి మూడో సొరుగులో అరచేయంత జెండాలు తొమ్మిది ఉంటాయి. ఒక్కటి గుచ్చు. అక్కడ మాదంటూ మిగిలింది ఆ రాయి ఒక్కటే. దాన్ని ఉన్నది ఉన్నట్టు ఉంచు.

పళ్ళెం అంచు పగలగొట్టింది నేనే.

ప్రేమతో,
నెల్డా


మే 30, శుక్రవారం

ఇవాళ్టి పనులు: టమాటాలు సీసాలకెత్తడం, పన్నెండు. గార్త్ చొక్కాలకి మా దేశపు జెండా మీది ఎర్ర ఆకు గుర్తు కుట్టడం, ఏడు. సమాధుల దాకా నడక, ఒకసారి.

ప్రియమైన నెల్డా,

జెండా గుచ్చలేదు. ముందే చెప్పేస్తున్నాను.

ఏప్రిల్లో మీ విమానాలు వచ్చి ట్రిపోలీ మీదా, బెంగాజీ మీదా బాంబులేసి వెళ్ళాక ఇక్కడ గాలే మారిపోయింది. మా దాకా చప్పుడు రాలేదు గానీ భయం వచ్చింది. మమ్మల్ని ఎక్కడ మీవాళ్ళనుకుంటారోనని మావాళ్ళు కారు తలుపుల మీద, టోపీల మీద, సంచుల మీద ఆకు అంటించుకుని తిరుగుతున్నారు. ఉల్లిపాయలకి వెళ్ళాలన్నా దేశం పేరు ఛాతీ మీద ఉండాలి. గార్త్ అయితే ఈ ఎండలో కూడా హాకీ జట్టు ఎర్ర కోటు తొడుక్కుంటున్నాడు, వీపు నిండా ఆకు ఉన్నది. బర్ల్‌కి చూపించి చూపించి విసిగించేవాడే, అదే.

ఆ సోమవారం నీ జెండాని ఏప్రన్ జేబులో పెట్టుకుని వెళ్ళాను. ఎవరూ లేరు, మిఫ్తాహ్ ఒక్కడే. బయటికి తీసి రాయికి ఒకసారి చూపించి మళ్ళీ జేబులో పెట్టుకున్నాను. అతను చూశాడు. "పసివాడికి జెండా ఎందుకు మదాం? నీళ్ళు చాలు" అన్నాడు.

రాయి నువ్వు వదిలి వెళ్ళినట్టే ఉంది. గన్నేరు పూసింది.

నీ,
డోరీన్


జూన్ 20

ప్రియమైన డోరీన్,

మీ ఆకేమో చొక్కా మీద, మా జెండా ఏమో జేబులో. బాగుంది. మాకు ఉత్తరాన ఉన్న మీ దేశం గురించి బర్ల్ పదకొండేళ్ళు ఏం చెప్పాడో అదే నువ్వు చేసి చూపించావు.

ఇది రాసి రెండు రోజులు పంపకుండా ఉంచాను. కోపం తగ్గింది. నువ్వు చేసిందే సరి. జెండా గుచ్చి ఉంటే రాయికి ఏమైనా అయ్యేదేమో. వద్దు. రాయి బాగుంటే చాలు.

జులై పిక్నిక్ వస్తోంది కదా. మీ జాతీయ పండుగ ఒకటో తారీకు, మాది నాలుగు. కంపెనీ డబ్బిచ్చేది ఒక్క పిక్నిక్‌కే. ఏ రోజు చేయాలని మన మగవాళ్ళు మూడేళ్ళు కొట్టుకుని, చివరికి ఎవరిదీ కాని మూడో తారీకు ఖాయం చేశారు. కేకు మాత్రం సగం ఆకు, సగం నక్షత్రాలు, నువ్వూ నేనూ చెరోవైపు నుంచి చేసేవాళ్ళం. ఈసారి కేకంతా నీదే. పంచదార తగ్గించకు. మీవాళ్ళ కేకులు చప్పగా ఉంటాయి.

నెల్డా


జులై 12, శనివారం

పనులు: ఎర్ర రంగు డబ్బా ఒకటి, బ్రష్షు ఒకటి, సిమెంటు అర సంచి, తుడిచిన గుడ్డలు నాలుగు.

ప్రియమైన నెల్డా,

పిక్నిక్ ఒకటో తారీకునే జరిగింది. అడ్డు చెప్పేవాళ్ళు లేరు. కేకంతా ఆకే వేశాను. సగం మిగిలింది.

ఒక సంగతి చెప్పాలి. రోజులు బాగాలేవు. రాయి మీద నీ ఊరి పేరు ఎవరైనా చదివితే ఏం చేస్తారోనని, వేడ్ రాయికి అడ్డంగా మా ఎర్ర ఆకు బొమ్మ వేశాను, పెద్దదే. మావాళ్ళ పిల్లాడనుకుని ఎవరూ ముట్టుకోరు. రాయి క్షేమం కోసమే చేశాను. అర్థం చేసుకుంటావనుకుంటాను.

ఎండలు ఎక్కువగా ఉన్నాయి.

డోరీన్


ఆగస్టు 5

డోరీన్,

'ప్రియమైన' అన్న మాట రాసి కొట్టేశాను. కొట్టివేత కనబడకూడదని కాగితమే మార్చాను.

నా ఇల్లు తీసుకున్నారు. నా మొగుడి కుర్చీ తీసుకున్నారు. ఇప్పుడు నా కొడుకుని కూడా మీవాణ్ణి చేసుకున్నారా? వాడు ఒడెస్సాలో పుట్టాడు. వాడి రాయి మీద ఆ మాట నేను డబ్బిచ్చి చెక్కించాను. ఆ మాట మీద నువ్వు రంగు పూశావు. బర్ల్‌కి చదివి వినిపించాను. లేచి వెళ్ళి చేతులు కడుక్కున్నాడు.

ఎవరో ఏదో చేస్తారని అంత భయపడ్డావు, ఎవరు చేస్తారు? మిఫ్తాహా? పన్నెండేళ్ళుగా నీళ్ళు పోస్తున్నవాడా?

గీకెయ్. అంతా గీకెయ్.

ఇంకొకటి. నువ్వు లెక్కల మనిషివి. వాడని వస్తువు నీ జాబితాలోకి ఎక్కదు. బొమ్మ వేయడానికి రంగు కావాలి, బ్రష్షు కావాలి, గుడ్డలు కావాలి.

సిమెంటు ఎందుకు డోరీన్?

నెల్డా ప్రూయిట్


డిసెంబర్ 14, ఆదివారం

ఇవాళ్టి పనులు: ఈ ఉత్తరం రాయడం, ఐదోసారి. వేరే పనేమీ పెట్టుకోలేదు.

ప్రియమైన నెల్డా,

నాలుగు నెలలుగా నీకు జవాబు బాకీ ఉన్నాను. అబద్ధం రాయాలంటే పుస్తకంలో సిమెంటు అన్న మాట కనబడుతోంది. నిజం రాయాలంటే చెయ్యి రావడం లేదు.

ఒకటో తారీకు మధ్యాహ్నం మగవాళ్ళంతా తాగి ఉన్నారు, స్నానపు తొట్టెల్లో పులియబెట్టిన ఆ ద్రాక్ష నీళ్ళే. నేను బల్ల దగ్గర కేకు కోస్తున్నాను. గార్త్ ఆ ఎర్ర కోటు తొడుక్కుని బెంచీ ఎక్కాడు. "ఒరేయ్, అమెరికావాళ్ళంతా పోయారనుకుంటున్నారు కదా? ఇంకొకడు మిగిలాడురా! గడువు దాటి ఐదు నెలలైంది, కదలడే! పదండి, నోటీసు ఇచ్చొద్దాం!" అన్నాడు.

ఎవరి గురించో నాకు అర్థమైంది. అర్థమయ్యాక కూడా నవ్వాను నెల్డా. కత్తి చేతిలో ఉంది, పక్కన ఆడవాళ్ళు నవ్వుతున్నారు, నేనూ నవ్వాను. కత్తి అక్కడ పెట్టి "దిగు గార్త్" అని ఒక్క మాట అని ఉంటే దిగేవాడు. అనలేదు.

నలుగురు పికప్ బండిలో వెళ్ళారు. వేడ్ వెనకాల మా పెద్ద జెండా పట్టుకుని ఫొటో దిగారట. రాయీ, జెండా, బండీ అన్నీ ఫొటోలో పడాలని గార్త్ బండిని వెనక్కి తీశాడు. రాయి రెండు ముక్కలైంది. పై ముక్కని కింద ముక్క మీద నిలబెట్టి వచ్చేశారు. సాయంత్రం గార్త్ ఇంటికి వచ్చి ఆ ఊసెత్తకుండా కేకు బాగుందన్నాడు.

మర్నాడు పొద్దున్నే వంటింటి తలుపు దగ్గర మిఫ్తాహ్ నిలబడ్డాడు. అరిచేతిలో రాతి పెచ్చు ఒకటి.

"గాలికి పడిందా?" అన్నాను. అలా అయి ఉంటే బాగుండునని.

"గాలికి చక్రాలుండవు మదాం" అన్నాడు. "బాంబులేశారన్న కోపంతో మావాళ్ళు అటు వెళ్తే పిల్లాడికి ఏమవుతుందోనని ఏప్రిల్ నుంచి అక్కడే కూర్చుంటున్నాను. మావాళ్ళెవరూ రాలేదు. మీవాళ్ళ పండుగకి వాళ్ళ మానాన వాళ్ళుంటారని నిన్న ఒక్కరోజు మా అమ్మాయి ఇంటికి వెళ్ళాను."

గార్త్‌ని అడిగాను. "సరదాకి డోరీన్, సరదాకి! బర్ల్ ఉంటే వాడూ నవ్వేవాడు" అన్నాడు. నేను పళ్ళెం తీసి నేలకేసి కొట్టాను. నీ పదిహేడులో ఒకటి. జాబితాలో పదహారు అని దిద్దుకో.

సిమెంటు పెట్టి నేనే అతికించాను. అతుకు నల్లగా, వంకరగా, వాడి పేరు కిందుగా కనబడింది. పిక్నిక్ బ్యానర్‌కి తెచ్చిన ఎర్ర రంగు మిగిలి ఉంది. అతుకుని కప్పడానికి ఆకు వేశాను. నీకేమో క్షేమం అని రాశాను. మా ఆకు వెనక ఏదైనా దాగుతుంది, అది నాకు ముందే తెలుసు. ఏడు చొక్కాలకి కుట్టినదాన్ని కదా.

నీ ఉత్తరం వచ్చిన రోజే గీకేశాను. రంగు పోయింది. రంగుతో పాటు అతుకూ ఊడింది.

కొత్త రాయి మిఫ్తాహ్ తెచ్చాడు, సముద్రపు ఒడ్డు సున్నపురాయి. మన అక్షరాలు అతనికి రావు. పాత ముక్కలు పక్కన పెట్టుకుని గీతకి గీత చూసి చెక్కాడు, పద్దెనిమిది రోజులు. వరుస కొంచెం పైకి పోయింది గానీ అంతా ఉంది. వేడ్ పేరు, రెండు తేదీలు, ఒడెస్సా, టెక్సాస్. ఆకు లేదు, జెండా లేదు. గన్నేరు ఉంది. బండి కింద కొమ్మ విరిగింది, మళ్ళీ చిగురు వేసింది.

పాత రాయిలోంచి వాడి పేరున్నంత మేర మిఫ్తాహ్ కోసిచ్చిన చిన్న ముక్కని సెలవు మీద మాల్టా వెళ్తున్న నర్సు చేతికిచ్చి పంపుతున్నాను. అక్కడి నుంచి పార్సిల్ చేస్తుంది. బరువు ఒకటిన్నర కిలో. నువ్వు తవ్వి తీసుకెళ్ళాలనుకున్నదాంట్లో నా చేతనైంది ఇంతే.

క్షమించమని అడగను. నా పుస్తకంలో నీ పేజీ ఉంది. తొమ్మిది రోజుల వంట పైన ఉంది. దాని కింద ఒకటో తారీకు నవ్వు రాశాను. ఆ పేజీకి మొత్తం వేయలేదు, వేయను. అది తీరేది కాదు.

మిఫ్తాహ్‌కి డబ్బివ్వబోతే చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. చలిగాలి మొదలైంది, అతనికి ఉన్నది ఆ పల్చటి దుప్పటి ఒక్కటే. బీరువాలోంచి గార్త్ ఎర్ర కోటు తీసి, వీపు మీది ఆకుని కుట్లు విప్పి ఊడదీసి, అతనికి ఇచ్చాను. తొడుక్కున్నాడు. భుజాలకి సరిగ్గా సరిపోయింది. ఇప్పుడు రోజూ అదే తొడుక్కుని వేడ్ దగ్గర కూర్చుంటున్నాడు.

నిన్న గార్త్ ఇల్లంతా వెతికి, "నా కోటెక్కడ?" అన్నాడు.

"సమాధుల దగ్గరుంది. వెళ్ళి అడిగి తెచ్చుకో" అన్నాను.

ఇంకా వెళ్ళలేదు.

డోరీన్

పద్దు: హాజ్ మిఫ్తాహ్‌కి, రాయి ఒకటి, పని పద్దెనిమిది రోజులు. ఇచ్చింది కోటు ఒకటి. చెల్లు.