ఈదకుండా మెడలా?

ఫిబ్రవరి 3
షాపులో సిరప్ సీసాల అట్టపెట్టె ఎత్తబోయి కూలబడ్డాను. అరవై దాటిన మనిషివి, కూర్చుని బిల్లులు రాసుకోక నీకెందుకక్కా అన్నాడు తమ్ముడు. మందుల షాపు నాది. పెట్టె కూడా నాదే.

పద్దెనిమిదేళ్లప్పుడు యాభై మీటర్ల ఈతలో నన్ను అందుకున్నవాళ్లు లేరు. పెళ్లయింది, ఆగిపోయింది.

ఫిబ్రవరి 4
జిమ్‌లో చేరాను.

ఫిబ్రవరి 20
కోచ్‌కి ముప్పై రెండేళ్లు. నా కూతురైతే చెవి మెలిపెట్టేదాన్ని. గులాబీరంగు బుల్లి డంబెల్స్ చేతిలో పెట్టి, మీకివి చాలాంటీ అంది. ఆడుకోవడానికి రాలేదన్నాను. నవ్వి ఇనప బార్ ఇచ్చింది. నడుం వంచకుండా, కాళ్లతో నేలని తొక్కుతూ లేవాలిట. లేచాను. ఇంటికొచ్చాక మెట్లు మాత్రం పాక్కుంటూ ఎక్కాను.

ఏప్రిల్ 11
బార్‌కి బరువులు ఎక్కాయి. జిమ్ పూల్‌లో, ఈ కోచ్ దగ్గరే ఈత కూడా మళ్లీ మొదలు. చేతులకి అన్నీ గుర్తున్నాయి, ఊపిరికే ఏమీ గుర్తులేదు. ఈ వయసులో స్విమ్‌సూట్ ఏమిటి, నలుగురూ ఏమనుకుంటారు అన్నారు మా ఆయన. ఆ నలుగురూ ఎవరో నాకోసారి చూపించండి అన్నాను.

పెద్దవయసువాళ్ల పోటీలకి పేరిచ్చేశాను.

మే 2
కోచ్ కూడా ఒకప్పుడు ఈతలో స్ప్రింటరేనట. ఇరవై రెండేళ్లకి భుజం దెబ్బతింటే, ఇక నీ పనైపోయిందని వాళ్ల సారు చెప్పాడట. ఈ పిచ్చిది నమ్మింది. భుజం ఎప్పుడో నయమైంది. అయినా పూల్ గట్టు మీద నిలబడి నన్ను తిట్టడమే తప్ప నీళ్లలో కాలు పెట్టదు.

ఒళ్లు మండింది.

జూన్ 14, సాయంత్రం ఆరు
పోటీలవాళ్లు ఫోన్ చేశారు. అరవై దాటిన ఆడవాళ్లలో నేనొక్కదాన్నేనట. ఈదక్కర్లేదమ్మా, వచ్చి గోల్డ్ మెడల్ తీసుకుని ఫొటో దిగి వెళ్లండి అన్నాడు ఆ పెద్దమనిషి, ఎంతో మర్యాదగా. ఈదకుండా మెడలా, నేనేమైనా ముఖ్య అతిథినా అన్నాను. ముప్పై దాటినవాళ్లతో దింపమన్నాను. చిత్తుగా ఓడిపోతారన్నాడు. ఓడిపోతే నేను కదా, మీకేం పోయింది అన్నాను.

వెంటనే కోచ్‌కి ఫోన్ చేసి, నా పక్క లేన్‌లో నువ్వూ దిగు అన్నాను. ఏడ్చింది. తన వయసైపోయిందట! నా ముందా ఆ మాట? ముసలిదాన్ని ఓడించడానికి కూడా భయమేనా అన్నాను. టక్కున పెట్టేసింది.

జూన్ 28
పూల్ గట్టున దూకే బ్లాక్ ఎక్కి పక్కకి చూశాను. వచ్చింది. మొహంలో నెత్తురుచుక్క లేదు.

బీప్. దూకాను. కాసేపు దాని కాళ్ల నురగ కనబడింది. తర్వాత అదీ లేదు. చేతులు రాళ్లయిపోయాయి. చెయ్యి చాపితే లేన్ తాడు అందుతుంది. పట్టుకోలేదు. గోడ తాకి తలెత్తేసరికి అందరూ పైకెక్కేశారు. నాదే ఆఖరు.

కోచ్ మాత్రం నీళ్లలోనే ఉంది. రెండోస్థానమట. మొదటొచ్చిన అమ్మాయిని కళ్లతోనే కాల్చేస్తూ, వచ్చే ఏడాది దీని సంగతి చూస్తానాంటీ అంది.

అరవై దాటినవాళ్ల గోల్డ్ మెడల్ పట్టుకుని, ఆ ఫోన్ చేసిన పెద్దమనిషే వచ్చాడు. ఈదాను కాబట్టి తీసుకున్నాను.

జూన్ 29
చేతులు పైకి లేవడం లేదు. జడ ఆయన వేశారు. వంకరగా ఉంది.

విప్పకుండా అలాగే షాపుకి వెళ్లాను.