ఏట్లో పడేసిన కుట్టుమిషను

వీధంతా మిషనమ్మ అని పిలిచే నేను, బట్టల షాపు యజమానురాలిని, అక్షరం ముక్క రానిదాన్ని, నోటితో చెప్పి రాయించిన వీలునామా ఇది. నా మతి నిక్షేపంగా ఉంది. లేదనేవాణ్ణి నా ఎదుటికొచ్చి అనమనండి. ఎవరి బలవంతమూ లేదు. నన్ను బలవంతపెట్టే మొనగాడు ఇంకా పుట్టలేదు.

1. షాపును తనకూ, పోయిన మా బావగారి కొడుక్కూ, నా కూతురికీ కలిపి "యావరేజ్‌న సమానంగా రాసెయ్ వదినా, గొడవుండదు" అంటున్నాడు మా మరిది. యావరేజ్ అనే ఆ మాట పుట్టుక రేవులో సరుకుల లెక్కలు చూసే నా మనవరాలు చెప్పింది. పాడైన సరుక్కి అరబ్బులు వాడే మాట నుంచి వచ్చిందట. తుఫానులో ఓడ నిలబడాలని ఒకడి మూటలు సముద్రంలో పడేస్తే, మూటలు దక్కినవాళ్లంతా ఆ నష్టం తలా కాస్త మోసేవాళ్లట. ముందు నష్టం పంచుకున్నారు, అందులోంచి ఈ లెక్క పుట్టింది. విన్నావా మరిదీ?

2. మరి మన పడవ సంగతేమిటి? బావగారు బతికున్న రోజుల్లో ముగ్గురం సంతకి పోతుంటే ఏటి మధ్యలో పడవలోకి నీళ్లొచ్చాయి. "బరువు తగ్గించండి!" అని పడవవాడు కేకేశాడు. బావగారి తానులు కదల్లేదు. మరిది చొక్కాల మూటలు కదల్లేదు. నా ఇనప కుట్టుమిషను ఎత్తి ఏట్లో పడేశారు. ఒడ్డెక్కి, ఆ సరుకు అమ్ముకుని, నేను మిషను మాటెత్తితే "నీ తలరాత వదినా, మేమేం చేస్తాం" అన్నాడు మరిది. తలరాతకి చేతులున్నాయా? ఎత్తినవి నీ చేతులు కావూ! ఆ తర్వాత సూదీ దారంతో, వేళ్లు కొంకర్లు పోయేదాకా కుట్టి ఈ షాపు నేనొక్కదాన్నే కొన్నాను.

3. కాబట్టి, నేను పోయాక నెలలోగా మరిదీ, బావగారి కొడుకూ ఇద్దరూ కొత్త కుట్టుమిషను కొని, తమ చేతుల మీద మోసుకొచ్చి షాపులో పెట్టాలి. పెడితే షాపు ముగ్గురికీ సమానం. పెట్టకపోతే మొత్తం నా కూతురిదే. ఆటోలో పంపితే చెల్లదు. చూసి తేల్చేది, ఈ వీలునామా అమలు జరిపేది పక్క వీధి వకీలుగారు.

4. మనవరాలికి నా కత్తెర. అరువివ్వకు తల్లీ, మీ చిన్నతాతకి అసలే ఇవ్వకు.

5. పడవవాడికి నేను కుట్టిన బొంత. ఎండల్లో ఏరు తగ్గాక మునిగి, మిషను చక్రం వెతికి తెచ్చిచ్చింది అతనొక్కడే. పరాయివాడు.

6. తుప్పుపట్టిన ఆ చక్రం మరిదికి. షాపు దక్కినా, దక్కకపోయినా. మంచానికి ఎదురుగా మేకుకి తగిలించుకోవాలి.

తేదీ: 9-7-2025, బుధవారం.
మిషనమ్మ ఎడమ బొటనవేలి ముద్ర
సాక్షులు: ఎదురు మందుల షాపావిడ, మూల మీద చెప్పులు కుట్టే ఆయన