ఉతకని బట్టల మూట

ప్రియమైన మీకు,

మూట తిప్పి పంపాను. మీ షెడ్డు నుంచి మూట తెచ్చే లారీ తమ్ముడు మొహం అదోలా పెట్టాడు, పెట్టనీండి. ఇకనుంచి మీ పనిబట్టలు ఈ గుమ్మం దాటి లోపలికి రావడానికి వీల్లేదు. పోయినసారి వచ్చినప్పుడు రాత్రంతా దగ్గుతూనే ఉన్నారు. అడిగితే "రేకుల షెడ్డులో దుమ్ముండక పన్నీరుంటుందా" అని నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ముందు ఆసుపత్రికి వెళ్ళి ఎక్స్‌రే తీయించుకోండి. ఆ తర్వాతే నాతో మాటలు.

కోపంతో,
మీ ఇంటావిడ

*

ప్రియమైన శ్రీమతికి,

కోపం నీకొక్కదానికే ఉందనుకున్నావా? లారీవాడు మూట షెడ్డు మధ్యలో పడేసి, "అన్నా, వదిన ఉతకనంది" అని అందరికీ వినపడేలా అరిచాడు. సిమెంటు రేకులు కోసే వాళ్ళంతా పని ఆపి మరీ నవ్వారు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఉతుకుతున్నావు, ఇప్పుడు చేతులు అరిగిపోయాయా? నేను మాస్కు తీయకుండా పనిచేస్తాను, నాకేమీ కాదు. ఫోన్ చేస్తే పెద్దమ్మాయి "అమ్మ స్నానం చేస్తోంది" అంటుంది. రోజుకి ఎన్నిసార్లు చేస్తావే స్నానం?

తల ఎత్తుకోలేని,
నీ మొగుడు

*

ప్రియమైన మీకు,

ఆ నవ్విన నోళ్ళు పడిపోను! ఎక్స్‌రే తీయించుకున్నారా లేదా? అదొక్కటీ తప్ప మిగతావన్నీ రాశారు. ఈ వారంలో వెళ్ళకపోతే నేనే వచ్చి, మీ మేనేజరు ముందే చెయ్యి పట్టుకుని ఆసుపత్రికి లాక్కుపోతాను. అప్పుడు నవ్వుకుందురుగాని అందరూ కలిసి.

అన్నంత పనీ చేసే,
మీ ఇంటావిడ

*

ప్రియమైన శ్రీమతికి,

తీయించుకున్నాను. చల్లబడ్డావా? నా ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయట. తిన్న వెంటనే నడుం వాలుస్తాను కదా, కడుపులో పులుపు గొంతులోకి ఎగదన్ని దగ్గు వస్తోందట. డాక్టరు మాత్రలిచ్చాడు, తగ్గుతోంది. ఇప్పుడేమంటావు? మూట మళ్ళీ పంపిస్తున్నాను. కిక్కురుమనకుండా ఉతికి పెట్టు.

గెలిచిన,
నీ మొగుడు

*

ప్రియమైన మీకు,

మీకేమీ లేదన్నందుకు ముందు ఏడ్చాను. ఆ వెంటనే మీ మీదా, మీ కంపెనీ మీదా పట్టరాని కోపం వచ్చింది.

జబ్బు నాకండీ. ఎండాకాలంలో మీరు వచ్చి వెళ్ళిన దగ్గర్నుంచీ దగ్గుతున్నాను. మీకు వినపడుతుందనే ఫోన్ ఎత్తలేదు. ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల చుట్టూ పొర మందమై, నీరు చేరి కనిపించింది. "ఏ ఫ్యాక్టరీలో చేశావమ్మా?" అని డాక్టరు అడిగాడు. ఇల్లు తప్ప నాకు వేరే పని తెలీదు, మా ఆయనది రేకుల షెడ్డులో పని అన్నాను. "మరి ఇంటాయన బట్టలు ఎవరు ఉతుకుతారు?" అన్నాడు.

స్నానాలగది తలుపేసుకుని, నానబెట్టే ముందు ఒక్కొక్క చొక్కా దులిపేదాన్ని. ఆ తెల్లపొడి రేకుల్లోని ఆస్బెస్టాసట. ఏళ్ళ తరబడి లోపలే ఉండిపోతుందట. నాకే ఇలా ఉంటే రోజంతా అందులో ఉండే మీ గతేమిటని హడలిపోయాను. నా సంగతి చెబితే మీరు నా చుట్టూ తిరుగుతారే గానీ మీ ఎక్స్‌రే తీయించుకోరు. అందుకే తిట్టాను. మీకు మాస్కిచ్చారు సరే, నాకెవరిచ్చారు?

వచ్చే వారం నీరు తీసి పరీక్షకు పంపుతారు. అది మామూలు జబ్బో కాదో అప్పుడే తేలుతుంది. నాకు భయంగా ఉంది, వచ్చేయండి. బయల్దేరే ముందు మాత్రం షెడ్డులో అందర్నీ కూర్చోబెట్టి, వాళ్ళ బట్టలు ఇంట్లో ఎవరు ఉతుకుతున్నారో అడగండి. ఆ ఆడవాళ్ళలో ఎవరైనా దగ్గుతున్నారేమో కనుక్కోండి.

మీ ఇంటావిడ