కార్డున్న డబ్బా ముందు

బషీర్‌బాగ్,
జూన్ 1.

చిక్కడపల్లి పిండి గిర్ని యజమాని శ్రీ ఈదయ్య గారికి,

నమస్కారం. పిల్లలకు టీకాలు వేయించేవారి సంఖ్యను కొత్త పద్ధతులతో పెంచినవారికి మా ఆరోగ్య సేవా సంఘం ఏటా అవార్డు ఇస్తున్నది. అశోక్ నగర్ వెనక బస్తీలో ఏడాది కిందటి వరకు నూటికి నలభై మంది పిల్లలకే టీకాలు పూర్తయ్యేవి. ఇప్పుడు తొంభై దాటింది. కారణం అడిగితే బస్తీలో అందరూ మీ గిర్ని పేరే చెబుతున్నారు. అందువల్ల మిమ్మల్ని అవార్డుకు పరిశీలిస్తున్నాము. ఈ పద్ధతి ఎవరు ప్రారంభించారు, ఎవరి అనుమతితో నడుస్తున్నది, టీకాలు చల్లగా నిలవ ఉంచే ఏర్పాటు ఏమిటి అనే వివరాలు రాతపూర్వకంగా పంపగలరు.

ఇట్లు,
జి. ప్రహ్లాద్, కార్యదర్శి

తా.క. పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే తదుపరి చర్య తీసుకోబడును.

*

చిక్కడపల్లి,
జూన్ 5.

పెద్దలు ప్రహ్లాద్ గారికి, గిర్ని ఈదయ్య నమస్కరించి రాసుకునే మనవి.

తమరి ఉత్తరం అందింది. విషయం అర్థమైంది. పోయిన నెల అశోక్ నగర్ నుంచి గోధుమలు తెచ్చిన ఒక సారు, తన డబ్బా వెనక్కి పోయిందని గిర్ని మధ్యలో నిలబడి అరిచారు. "లైన్ తప్పిస్తవా? ఆగు, నీకు అవార్డే ఇప్పిస్త!" అన్నారు. ఇంత తొందరగా ఇప్పిస్తారనుకోలేదు.

జరిగింది దాచకుండా రాస్తున్నాను. గిర్నిలో మనుషులు వరుసలో నిలబడరు, డబ్బాలు నిలబడతాయి. పక్క దవాఖానలో బుధవారం టీకాలు వేసే నర్సింహమ్మ ఒకరోజు తన జొన్నల డబ్బా వరుసలో పెట్టి, చేతిలో ఉన్న టీకా కార్డును మూత మీద మరిచిపోయింది. అక్కడ పిల్లలు ఏడుస్తూ ఎదురుచూస్తున్నారు కదా అని ఆమెది ముందు పట్టాను. చూసిన ఆడవాళ్లు, కార్డు పెడితే ముందు పడతారనుకున్నారు. మరుసటి బుధవారం ఐదు డబ్బాల మీద కార్డులున్నాయి. కాదని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

తర్వాత నర్సింహమ్మే వచ్చి కార్డులు తిరగేసి చూడటం మొదలుపెట్టింది. టీకా తప్పిపోయి ఉంటే, "పో, సూది ఏపిచ్చుకొని రా. అప్పటిదాంక నీ డబ్బా కదలది" అనేది. వేయించుకొచ్చిన వాళ్ల డబ్బా ముందుకు జరిగేది. పాలమూరు నుంచి వచ్చిన కూలీలకు ఇక్కడ ఒక గంట మిగిలితే అడ్డా మీద ఆనాటి పని దొరుకుతుంది. ఇంతే జరిగింది.

ఈ బుధవారం నుంచి ఆపేస్తున్నాను. ఇరవై రెండేళ్లుగా నాకు ఈ గిర్ని తప్ప వేరే బతుకు లేదు. దయచేసి అవార్డు ఇవ్వవద్దు.

తమరి విధేయుడు,
ఈదయ్య

తా.క. చల్లగా ఉంచే ఏర్పాటు అడిగారు. గిర్నిలో చల్లగా ఉండేది నేను నీళ్లు తాగే కుండ ఒక్కటే. మధ్యాహ్నం అయితే అదీ ఉండదు.

*

బషీర్‌బాగ్,
జూన్ 9.

శ్రీ ఈదయ్య గారికి,

నమస్కారం. అవార్డు అంటే నిజంగా అవార్డేనండి. శాలువా కప్పుతారు, చప్పట్లు కొడతారు, ఫొటో తీస్తారు. ఆ అరిచిన సారు ఎవరో మాకు తెలియదు. దయచేసి మీ పద్ధతి ఆపవద్దు. మా పరిశీలకులు ఒకరు ముందుగా చెప్పకుండా వచ్చి చూస్తారు. మీరు మామూలుగా ఉంటే చాలు.

భవదీయుడు,
జి. ప్రహ్లాద్

తా.క. 'తదుపరి చర్య' అనే వాక్యం మా ఉత్తరాలన్నిటి అడుగునా అచ్చయి ఉంటుంది. సంతాపం తెలిపే ఉత్తరాల కింద కూడా ఉంటుంది. మనసులో పెట్టుకోకండి.

*

చిక్కడపల్లి,
జూన్ 18.

ప్రహ్లాద్ గారి సముఖమునకు, ఈదయ్య నమస్కారములు.

చెప్పకుండా వస్తారని రాశారు. తూనికల తనిఖీ వాళ్లు వచ్చేదీ అట్లాగే. అందుకని గోడకు బోర్డు పెట్టాను: "ఇక్కడ అందరూ సమానం. ముందు వచ్చిన డబ్బా ముందు."

కళ్లద్దాలు పెట్టుకుని వచ్చినవారినల్లా తమరి మనిషే అనుకున్నాను. ఒకాయనకు కుర్చీ వేసి మజ్జిగ ఇచ్చాను. రెండు గ్లాసులు తాగి, నారాయణగూడ చౌరస్తాకు దారి అడిగాడు. ఇంకొకాయన కూడా మజ్జిగ తాగాడు, లేచేముందు నా చేత బీమా పాలసీ కట్టించాడు.

అసలు సంగతి రాస్తాను. ఇదివరకు బుధవారానికి ఇరవై మంది పిల్లలు దవాఖానకు వచ్చేవారు. పదో తేదీన తొమ్మిది మంది వచ్చారు. నిన్న నలుగురు. నర్సింహమ్మ నాతో మాట్లాడటం మానేసింది. బస్తీలో ఉండే ఆశమ్మ మాత్రం ఊరుకోలేదు.

"ఏమయ్యా ఈదన్నా, అందరు సమానమని రాసినవ్. సూది ఏపిచ్చినోళ్లు, ఏపియ్యనోళ్లు గూడ సమానమేనా?"

"నీ మనవరాలు అంబికకు తట్టు టీకా రెండోది ఇయ్యాల్నే గద?" అని అడిగాను.

"ఎట్ల ఏపియ్యాలె? దవాఖానకు పోయినప్పుడు వంతొస్తే, మనిషి లేదని డబ్బా ఎనక్కి జరుపుతరు. వరుసల కూసుంటే కోడలికి అడ్డా పోతది. వచ్చే వారం సూద్దాం తియ్యి."

'వచ్చే వారం సూద్దాం' అనే మాట ఏడాది కిందట రోజూ వినేవాణ్ని. అప్పుడే ఆ బస్తీలో ఇద్దరు పిల్లలకు తట్టు పోసింది. ఒక పాప చూపు ఇప్పటికీ సరిగా లేదు. వరుస తప్పిస్తే తమరితో భయం, తప్పించకపోతే ఈ పిల్లలతో భయం. ఏది చేయాలో తెలియడం లేదు.

ఇట్లు,
ఈదయ్య

తా.క. మజ్జిగ తాగినవారిలో ఎవరైనా తమరి మనిషి అయితే, ఉప్పు ఎక్కువైనందుకు క్షమించమనండి.

*

బషీర్‌బాగ్,
జూన్ 20.

ఈదయ్య గారూ,

ఒక మంచి పనిని మెచ్చుకోవాలని నేను రాసిన ఉత్తరమే ఆ పనిని ఆపేసింది. మీ ఉత్తరం అందినప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు. బతిమాలితే మీరు భయపడుతున్నారు కాబట్టి ఆజ్ఞాపిస్తున్నాను. బోర్డు తీసేయండి. బుధవారం కార్డున్న డబ్బానే ముందు పట్టండి. ఎంత పెద్దవాడు అడిగినా మార్చవద్దు. కింద ముద్ర వేస్తున్నాను, రెండుసార్లు.

జి. ప్రహ్లాద్

తా.క. ఆ బీమా పాలసీతో మా సంఘానికి ఏ సంబంధమూ లేదు.

*

చిక్కడపల్లి,
జూన్ 25.

ప్రహ్లాద్ గారికి, ఈదయ్య నమస్కారములు.

ముద్రలు చూశాక ధైర్యం వచ్చింది. బోర్డు తీసేశాను. సంగతి ఆశమ్మకు ఒక్కదానికే చెప్పాను, గంటలో బస్తీ అంతటికీ తెలిసింది. నిన్న ఇరవై ముగ్గురు పిల్లలు వచ్చారు. అంబికకు టీకా పడింది. ఏడ్చింది, బెల్లం ముక్క పెడితే ఊరుకుంది. నర్సింహమ్మ "ఇయ్యాల పిండి మెత్తగ పట్టినవ్" అంది. అంటే మాట్లాడినట్టే.

పది గంటలకు ఒక పెద్దాయన గోధుమల డబ్బాతో వచ్చారు. "జర నాది ముందు పట్టు, మీటింగుంది" అన్నారు. నేను తల అడ్డంగా ఊపాను. మిగతాది ఆశమ్మ చూసుకుంది.

"ఇంట్ల చిన్నపిల్లలున్నరా సారూ?"

"మనవడున్నడమ్మా. ఏడాదిన్నర దాటింది."

"కార్డేది?"

"కార్డెందుకు? మావోళ్లంత చదువుకున్నోళ్లే. అన్ని ఏపిచ్చే ఉంటరు."

"ఉంటరు అంటే నడవది ఈడ. బిడ్డకు ఫోన్ కొట్టు."

ఆయన నవ్వుతూనే ఫోన్ చేశారు. మాట్లాడుతూ మాట్లాడుతూ నవ్వు ఆపేశారు. తట్టు టీకా రెండోది పడలేదట. తల్లిదండ్రులకు ఆఫీసు తీరిక లేదట, వచ్చే వారం చూద్దామనుకున్నారట.

"గీ మాటనే మేమంటే, సదువు లేనోళ్లంటరు" అంది ఆశమ్మ. ఆయన డబ్బాను తనే పదకొండు డబ్బాల వెనక పెట్టింది. ఆయన ఆటో ఎక్కి వెళ్లిపోయారు. వారు తమరికి తెలిసినవారైతే, డబ్బా భద్రంగా ఉందని చెప్పగలరు.

ఇట్లు,
ఈదయ్య

తా.క. తమరి పరిశీలకుల కోసం ఈసారి మజ్జిగలో ఉప్పు తగ్గించాను.

*

బషీర్‌బాగ్,
జూన్ 27.

ఈదయ్య గారూ, నమస్కారం.

ఆ డబ్బా నాది. పరిశీలకుణ్ని నేనే. మామూలు మనిషిలా వచ్చి, ముందు పట్టమని గట్టిగా అడిగి, మీరు లొంగుతారో లేదో చూద్దామనుకున్నాను. నాలుగేళ్లుగా టీకాల మీద వేదికలెక్కి మాట్లాడుతున్నాను. మా అమ్మాయి త్రివేణి కొడుకు అనురాగ్ కార్డును ఒక్కసారీ తెరిచి చూడలేదు. నిన్న వాణ్ని నేనే ఒళ్లో పట్టుకుని వేయించాను. వాడు నా బొటనవేలు కొరికాడు. తగిన శిక్షే.

నేనెవరో తెలిస్తే మీరు కంగారుపడేవారు, అందుకే చెప్పలేదు. నివేదికలో అంతా ఉన్నదున్నట్టు రాశాను, బొటనవేలు తప్ప. అందరూ ఒక్క మాట మీద మీకే అవార్డు ఇవ్వాలన్నారు. జూలై 8న బుధవారం, ఉదయం పదకొండుకు ఇక్కడే సభ. నర్సింహమ్మ గారిని, ఆశమ్మ గారిని కూడా వెంటబెట్టుకుని రండి.

మీ ప్రహ్లాద్

తా.క. గోధుమలు పుల్కాలకు. కొంచెం మెత్తగా పట్టండి.

*

చిక్కడపల్లి,
జూలై 2.

ప్రహ్లాద్ గారికి, ఈదయ్య, నర్సింహమ్మ, ఆశమ్మల నమస్కారములు.

అవార్డు నిజమేనని నర్సింహమ్మ కూడా అన్నాక నమ్మాను. చాలా సంతోషం. కానీ బుధవారం మేము రాలేము. ఆమె టీకాలు వేయాలి, ఆశమ్మ కార్డులు అడగాలి, నేను గిర్ని నడపాలి. నిన్న ముప్పై ఒక్క మంది పిల్లలు వచ్చారు. రాంనగర్ గిర్ని కనకయ్య వచ్చి పొద్దంతా కూర్చుని చూసి, తనూ మొదలుపెడతానన్నాడు. సభ గురువారం పెడితే ముగ్గురం వస్తాము. లేకపోతే శాలువా పోస్టులో పంపినా సరే.

ఒక మాట చెప్పకుండా ఉండలేను. మీరెవరో నాకు తెలియదనుకున్నారు. స్టీలు డబ్బా మీద పేరు కొట్టించడం మన ఇళ్లలో అలవాటే కదా. మీ మూత మీద "జి. ప్రహ్లాద్, బషీర్‌బాగ్" అని చుక్కలు చుక్కలుగా ఉంది. మీరు డబ్బా కింద పెట్టకముందే చదివాను. ముందు మీదే పట్టేద్దామని చేయి చాపాను కూడా.

అప్పుడే ఆశమ్మ చంకలో అంబిక కనబడింది. టీకా నొప్పికి ఇంకా వెక్కుతున్నది. వరుసలో తర్వాతి డబ్బా వాళ్లదే. దాని ముందు ఇంకొకరి డబ్బా పెట్టడానికి నాకు చేతులు రాలేదు.

ఇట్లు,
ఈదయ్య

తా.క. మీ గోధుమల్లో రాళ్లు చాలా ఉన్నాయి. ఆశమ్మ కూర్చుని అన్నీ ఏరింది. దుకాణం మార్చమని చెప్పమంది.