చెవుల్లో దూది

అక్కా,

నీకు అందదని తెలిసే రాస్తున్నాను. ఇవాళ బందరులో బాలింతల మానసిక ఆరోగ్యం కోసమని టూకే రన్ పెట్టారు. అందరికీ గులాబీరంగు టీషర్టులిచ్చారు, వీపు మీద ‘బాలింత మాట విందాం’ అని రాసి. అమ్మ దాన్ని చీర మీదే తొడుక్కుని, మూడేళ్ల నీ పాప చెయ్యి పట్టుకుని వచ్చింది. చూసి నాకు ఒళ్లు మండిపోయింది.

పురిటి మంచం మీద నిద్ర పట్టక నువ్వు ఏడుస్తుంటే, "గాలి సోకిందే, చెవుల్లో దూది తియ్యకు" అన్నది ఈ అమ్మే. నేను హాస్టల్ నుంచి వచ్చినప్పుడల్లా చూసేదాన్ని, నువ్వు తీసి పారేసేదానివి, తను మళ్లీ కుక్కేది. పాపకి మూడో నెల రాకముందే నీ ప్రాణం నువ్వే తీసుకున్నావు.

మైకులో డాక్టరుగారు, "బాలింత దిగులు కూడా జబ్బేనండీ, దానికి మందుంది" అన్నారు. అమ్మ చప్పట్లు కొట్టింది.

"ఈ ముక్క అప్పుడెవరైనా చెప్పుంటేనా!" అంది.

"అక్క చెప్పింది కదమ్మా! పాపని ఎత్తుకోవాలంటే భయమేస్తోందని రోజూ చెప్పింది. నువ్వు దూది పెట్టావు" అని అందరి ముందూ అరిచేశాను.

అమ్మ ఏడవలేదు. "నీకూ ఫోన్ చేసి చెప్పిందిగా. నువ్వేం పెట్టుకున్నావే చెవుల్లో?" అంది.

జెండా ఊపారు. పాప నవ్వుతూ పరిగెత్తింది. నువ్వు ఫోన్ చేసిన ఆ రోజు గుడివాడ హాస్టల్లో, ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని పాట వింటూనే, "అందరికీ అలాగే ఉంటుందిలే అక్కా" అన్నాను నీతో.