ఇంగువ ఖాన్ నోటీసు

కడప, ఏప్రిల్ 9, 1956

విదేశీయుల రిజిస్టరులో ఇద్దరికి దేశంలో ఉండే గడువు తీరింది. గని కంపెనీ ఇంజనీరు దొరకు తీరి ఏడాదైనా ఆయన మా ఆఫీసు గడప తొక్కలేదు. ఊరూరా ఇంగువ అమ్ముకునే కాబూలీ ఖాన్‌కు నిన్ననే తీరింది. గడువు పొడిగించమని పొద్దున్నే కాగితం పట్టుకొని తనే వచ్చాడు. ఏటా తప్పకుండా రమ్మని అలవాటు చేసింది నేనే.

రెండు నోటీసులూ రాసి సూపరింటెండెంటు గారి ముందు పెట్టాను.

"దొరది ఈడ పెట్టిపో. కంపెనీవాళ్లు కర్నూలులో పెద్దోళ్లతో మాట్లాడుకున్నారంట, మనకెందుకప్పా? ఖాన్‌ది ఇచ్చెయ్. చట్టం ఉండాది కదా!" అన్నారు.

చట్టమట! ఎదురు చెప్పే ఓపిక నాకెప్పుడో పోయింది. వసారాలో నిలబడ్డ ఖాన్‌కు నోటీసు ఇంగ్లీషులోనే చదివాను. పదిహేను రోజుల్లో దేశం విడిచి పోవాలని తెలుగులో చెప్పడానికి నోరు రాలేదు. అతను నమ్మకంగా వేలిముద్ర వేశాడు. కాగితానికి ఇంగువ వాసన అంటుకుంది.

"మళ్ల యాడాది ఏ తారీకు రావల్ల, సాబ్?" అని అడిగాడు.

ఇదే తారీఖుకు రమ్మన్నాను.